'రన్' అంటే పరుగొక్కటే కాదు

అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులకు వెళ్తున్నవాళ్లకు, ఇంటర్వ్యూలకు తయారవుతున్నవాళ్లకు ఒక మాట. రోజూ పది కొత్త పదాలు బట్టీ పట్టకండి. తెలిసిన చిన్న పదం ఒకటి తీసుకుని వారమంతా దాన్నే గమనించండి. నన్నడిగితే 'రన్'తో మొదలుపెట్టమంటాను.

మెట్రో మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా రన్ అవుతుంది, అంటే నడుస్తుంది. కిరాణా కొట్టు రన్ చేయడమంటే నడపడం. జలుబు చేస్తే ముక్కు రన్ అవుతుంది, అంటే కారుతుంది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ వాళ్లు క్రియగానే దీనికి 645 అర్థాలు లెక్కగట్టినట్టు 2011లో వార్తలొచ్చాయి. అన్నీ మనకెందుకు, రోజూ వాడే పదో పదిహేనో చాలు.

అసలు కిటుకు పక్కనుండే చిన్న మాటలో ఉంది. 'రన్ ఇంటూ ఎ ఫ్రెండ్' అంటే స్నేహితుడు అనుకోకుండా ఎదురుపడటం. అక్కడ 'ఓవర్' పెట్టారంటే అతన్ని బండితో గుద్దేసినట్టే! 'వియ్ రాన్ అవుట్ ఆఫ్ గ్యాస్' అంటే ఇంట్లో సిలిండర్ అయిపోయిందని. ఉప్పల్ స్టేడియంలో రనౌట్ మాత్రం పూర్తిగా వేరే.

అందుకే నోట్‌బుక్‌లో పదం ఒక్కటే రాసుకోకండి. విన్న వాక్యం మొత్తం రాసి, పక్కనే తెలుగులో అర్థం రాయండి. ఆ రోజే ఒకసారి నోటితో వాడండి. పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆఫీసుకు ఫోన్ చేసి 'ఐయామ్ రన్నింగ్ లేట్' అనండి.