ట్రాలీ లాగడం నేర్చుకుందాం – 3: రాయి కంటికి బరువు చెప్పదు

పోయిన పాఠంలో ట్రాక్టర్ ట్రాలీ ఆర్సీ (రిజిస్ట్రేషన్ పత్రం) నుంచి రెండు అంకెలు రాసుకోమన్నాను. ట్రాలీ ఖాళీ బరువు ఒకటి, సరుకుతో కలిపి మించకూడని మొత్తం బరువు రెండోది. ఇవాళ్టి లెక్కకు అవి 1,500, 5,000 కిలోలు అనుకుందాం. మీవి వేరైతే మీవే వేసుకోండి. ఎత్తదగిన సరుకు 3,500 కిలోలు.

వేరుశనగ కాయలైతే ట్రాలీ గోపురంలా లేచినా బరువు హద్దులోనే ఉండొచ్చు. ఆ అలవాటుతో తాడిపత్రిలో నాపరాళ్లు ఎత్తితే మోసపోతాం. అక్కడి రాయి ఘనపు అడుగు దాదాపు 75 కిలోలు తూగుతుంది. రెండడుగుల ఎత్తు బండలను ఆరడుగుల వెడల్పునా నిలబెట్టి పేరిస్తే, ట్రాలీ పొడవులో ఒక్క అడుగుకు 12 ఘనపు అడుగులు, అంటే 900 కిలోలు. నాలుగు అడుగులకు రెండు అంగుళాలు తక్కువగా పేర్చేసరికి మన హద్దు వచ్చేసింది. పదడుగుల ట్రాలీలో ఇంకా ఆరడుగులు ఖాళీ!

ఆ ఖాళీయే ఆశ పెడుతుంది. “ఇంకో రెండడుగులు వేద్దామన్నా, చోటుంది కదా” అని హమాలీ అంటే ఒకసారి నేనూ తలూపాను. వేబ్రిడ్జి (బండ్లు తూచే కాటా) చీటీలో 6,900 వచ్చింది. దించిన కూలీ కూడా నాదే. ఎవరూ ఆపలేదు కాబట్టి కూలీతో పోయింది. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000. అదనపు సరుకు దించేదాకా బండి కదలనివ్వరు. తూకానికి ఆపమంటే ఆపకుండా పోతే 40,000.

బరువు సరిపోయినంత మాత్రాన పని అయిపోలేదు, ఎక్కడ పెట్టామన్నదీ చూడాలి. రెండు చక్రాల ట్రాలీ తూగుడు బల్ల లాంటిది. బండలన్నీ ముందు పలకకు ఆనిస్తే భారం ట్రాలీని తగిలించే ట్రాక్టర్ హుక్కు మీద పడి, ఎత్తు ఎక్కేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు తేలికవుతాయి. స్టీరింగ్ తిప్పినా బండి వినదు. వెనుకకు జరిపితే హుక్కు పైకి లాగుతుంది, ట్రాక్టర్ వెనుక చక్రాలకు పట్టు తగ్గుతుంది. ఇరుసుకు కాస్త ముందుకు పేర్చి, ముందు పలకకూ బండలకూ మధ్య దుంగలు బిగించి, మోకుతో కట్టండి. దుంగలకు బద్ధకించి బండలను పలకకే ఆనించేవాళ్లే ఎక్కువ. అమెరికాలో కారు వెనుక కారవాన్ కట్టేవాళ్లు దాని మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద ఉండాలంటారు. మన ట్రాక్టర్ హుక్కు ఎంత మోయగలదో దాని పుస్తకంలోనే చూడాలి.

కొలవడం కష్టమేమీ కాదు. ట్రాలీ విప్పేసి ట్రాక్టర్‌ను మాత్రమే తూకం వేయండి, 2,100 వచ్చిందనుకుందాం. తర్వాత ట్రాలీ తగిలించి, దాని చక్రాలు వేబ్రిడ్జి వేదిక బయటే ఉండేలా ట్రాక్టర్‌ను నిలిపి మళ్లీ తూచండి. 2,600 వస్తే హుక్కు మీద 500.

అభ్యాసం: రెండో తూకంలో 2,050 వచ్చింది. బండలను ఎటు జరపాలి? జవాబు వచ్చే పాఠంలో, బ్రేకులతో పాటు.