పశువుల పాక కట్టే ముందు

సార్వా (వానాకాలం) వరి కోతలయ్యాక గోదావరి డెల్టాలో ఎండుగడ్డికి కొదవ లేదు. యేసు పుట్టిన పశువుల పాకకు గుర్తుగా ఇంట్లో కట్టే క్రిస్మస్ పాకకు అదే కప్పుతాం. అందుకే మొదటి జాగ్రత్త నిప్పు గురించే.

• పాకలో కొవ్వొత్తి వద్దు, ఫొటో కోసమైనా సరే. చిన్న ఎల్‌ఈడీ దీపాలు చాలు. వైరు ఎక్కడైనా చిట్లిందేమో ముందే చూడండి, పడుకునే ముందు స్విచ్ ఆపండి.

• గడ్డిని ఎండలో బాగా దులిపాకే పిల్లల చేతికివ్వండి. తేళ్లు, జెర్రులు దాక్కుంటాయి.

• నక్షత్రానికి వెదురు బద్దలు పెద్దవాళ్లే చీల్చాలి. రంగు కాగితం పిల్లలు అతికిస్తారు. వంకరగా వస్తే రానివ్వండి, మా ఇంట్లో ఏటా వంకరే.

• మెరిసే బొమ్మల్లో బిళ్ల బ్యాటరీలుంటాయి. మూత స్క్రూతో బిగిసి ఉండాలి. పిల్లలు మింగితే అన్నవాహిక 2 గంటల్లోనే కాలిపోవచ్చు. మింగారని అనుమానం వచ్చినా చాలు, ఆసుపత్రికి పరుగెత్తండి. వాంతి చేయించకండి.

• గులాబీ పువ్వులు వేయించేటప్పుడు పిల్లలు వంటింటి గడప బయటే. నూనె చిందితే 20 నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచండి. టూత్‌పేస్టు రాయకండి.

• అర్ధరాత్రి ఆరాధనకు కాలువ గట్టు మీదుగా వెళ్తే టార్చి, స్వెట్టరు. మంచులో గట్టు అంచు కనిపించదు, చిన్నవాళ్ల చెయ్యి వదలకండి.