మోకాళ్ల నొప్పులోళ్లకి తాయ్ చీ, ఎట్లా మొదలుపెట్టాలంటే

అలిపిరిలో 3550 మెట్లు ఎక్కే ఓపిక అందరికీ ఉండదు కదా, అట్లాంటోళ్లకి నేను చెప్పేది తాయ్ చీ. చైనా వాళ్ల యుద్ధవిద్యే గానీ చూస్తే నీళ్లల్లో నడిచినట్టు మెల్లగా ఉంటాది. 1956లో అక్కడ 24 భంగిమలతో ఈజీ వెర్షన్ ఒకటి తయారుచేసినారు, అయిదారు నిమిషాల్లో అయిపోతాది, దాంతోనే మొదలుపెట్టండి.

పొద్దున్నే, మన తిరుపతి ఎండ తెలిసిందే కదా, మిద్దె మీద నిలబడి పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్లు కొంచెమే వంచి, బరువంతా మెల్లగా ఒక కాలి మీదికి తెచ్చి ఆ తర్వాతే రెండో కాలు ఎత్తి అడుగెయ్యాలి, అసలు కిటుకంతా ఇక్కడే ఉండాది, ఒంటికాలి మీద బరువు నిలిపే అలవాటొస్తే తొడలు గట్టిపడతాయి, బ్యాలెన్స్ వస్తాది, పెద్దోళ్లు జారిపడే ప్రమాదం తగ్గుతాది. మోకాలు కాలివేళ్లు దాటి ముందుకు పోకూడదు. ఊపిరి బిగబట్టొద్దు.

మనసంటారా, చెయ్యి ఎటు పోతాందో కాలు ఎటు పోతాందో చూసుకునేదానికే సరిపోతాది, ఇంక టెన్షన్ పడే తీరిక ఎక్కడ? మా అమ్మయితే మొదటి వారం "ఇదేం డాన్సురా" అని ఒకటే నవ్వు. తల తిరిగేవాళ్లు పక్కన కుర్చీ పెట్టుకోండి, బీపీ మాత్రలు మాత్రం ఆపొద్దు.