సెంటారో బండి తీసే ముందు: వార్ థండర్‌లో చక్రాల ట్యాంక్ డిస్ట్రాయర్‌కు జాగ్రత్తలు

వార్ థండర్ అనే ఆన్‌లైన్ యుద్ధం ఆటలో ఇటలీ టెక్ ట్రీ (బళ్లను ఒక్కొక్కటిగా సంపాదించుకునే వరస) ఎక్కుతూ 105 మి.మీ. గన్ ఉన్న సెంటారో దాకా వచ్చేసరికి చేతికి లెపర్డ్, ఎం60 లాంటి గొలుసు బళ్ల (చక్రాల బదులు గొలుసుల మీద నడిచే ట్యాంకుల) అలవాటు పడిపోయి ఉంటుంది. ఆ అలవాటుతోనే దీన్ని తీస్తే రెండో నిమిషానికల్లా మళ్లీ హ్యాంగర్‌లో (మ్యాచ్ బయట బళ్లు ఉండే తెర) తేలతారు. కింద చెప్పేదంతా రియలిస్టిక్ బాటిల్స్ అనే పద్ధతి కోసం. ఆర్కేడ్ పద్ధతిలో శత్రువు పేరు నెత్తిమీద కనిపిస్తుంది కాబట్టి దాక్కునే లెక్కలు వేరు.

ముందు బండి సంగతి. సెంటారోను ఇవెకో, ఓటో మెలారా కలిసి ఇటలీ సైన్యం కోసం తయారుచేశాయి. 1990ల మొదట్లో అది సైన్యంలో చేరింది. తీరం బారుగా ఉన్న దేశం, రోడ్లు బాగున్న దేశం. శత్రువు ఎక్కడ దిగినా రోడ్డు పట్టుకుని త్వరగా అక్కడికి చేరాలన్నది ఆలోచన. అందుకే 8 చక్రాలు, దాదాపు 25 టన్నుల బరువు, 520 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్, రోడ్డు మీద గంటకు 100 కి.మీ. దాటే వేగం. ఈ అంకెల్లో ఒక మెలిక ఉంది. 520ని 25తో భాగిస్తే టన్నుకు 21 కూడా రాదు. 40 టన్నుల బరువు, 830 హార్స్‌పవర్ ఉన్న లెపర్డ్ 1కీ ఇంచుమించు అంతే వస్తుంది. అంటే ఇంజన్ సత్తువలో ఇదేమీ లెపర్డ్‌ను మించింది కాదు. తారురోడ్డు మీద టైరు తేలిగ్గా దొర్లుతుంది కాబట్టి అక్కడ ఎగురుతుంది. రోడ్డు దిగి మెత్తటి నేల, బురద, మంచు తొక్కిన క్షణం ఆ లాభం ఆవిరైపోతుంది. అసలు బండిలో డ్రైవర్ టైర్లలో గాలి తగ్గించుకుని మెత్తటి నేల దాటగలడు. ఆటలో ఆ మీట లేదు.

అందుకే మ్యాప్ తెరుచుకోగానే మొదట చూడాల్సింది శత్రువు స్పాన్ (బళ్లు బయల్దేరే చోటు) కాదు, రోడ్లు. అడ్డదారిన నేరుగా పోయే పొలం గట్టు కన్నా చుట్టూ తిరిగిపోయే రోడ్డే చాలాసార్లు ముందు చేరుస్తుంది. మోజ్‌డోక్, కుర్స్క్ లాంటి విశాలమైన చోట్ల రోడ్డు పట్టుకుని ఓ పక్కకు చేరి కాచుకోవచ్చు. వోలోకోలమ్స్క్ లాంటి మంచు మ్యాప్‌లో గుట్ట ఎక్కాలంటే కింద రోడ్డు మీదే వేగం కూడగట్టుకుని ఆ ఊపులోనే ఎక్కాలి. సగంలో ఆగితే చక్రాలు అక్కడక్కడే తిరుగుతాయి, బండి వెనక్కి జారుతుంది. స్టాలిన్‌గ్రాడ్, బెర్లిన్ లాంటి ఊరి మ్యాప్‌లు దీనికి అచ్చిరావు. మ్యాప్‌ల జాబితాలో అయిష్టం గుర్తు పెట్టుకునే వీలుంది, దాన్ని ఇలాంటి ఓ ఊరికి వాడుకోండి.

వేగంలో ఇంకో ప్రమాదం మలుపులు. 80 దాటిన వేగంలో స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పితే బండి జారుతుంది, వాలు మీదైతే పల్టీ కొడుతుంది. మలుపుకు ముందే 40కి దించి తిప్పాలి. గొలుసు బండిలా నిలబడ్డ చోటే గిర్రున తిరగడం దీనికి రాదు. ఇరుకు సందులోకి ముక్కు పెట్టి దూరితే వెనక్కే రావాలి. రోడ్డు మీద సొంత జట్టు బళ్లతో గుద్దులాట కూడా పెట్టుకోవద్దు. 25 టన్నుల బండి 50 టన్నుల బండిని వేగంగా ఢీకొంటే దెబ్బ ఎవరికో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు హ్యాంగర్‌లో చేసుకోవాల్సినవి. ప్రొటెక్షన్ అనాలిసిస్ (ఏ గుండు మీ కవచాన్ని ఛేదిస్తుందో చూపే తెర) తెరిచి ఎదుటి బండిగా రష్యన్ బీఎంపీ-2ను, 30 మి.మీ. గుండును ఎంచుకుని, మీ బండి పక్క వైపు 500 మీటర్ల నుంచి కొట్టి చూడండి. తర్వాత విమానాల్ని కొట్టే షిల్కా బండి 23 మి.మీ. గుండు పెట్టి చూడండి. ఆ తర్వాత 152 మి.మీ. హై ఎక్స్‌ప్లోజివ్ గుండు. ఈ మూడూ చూశాక కవచం మీద ఆశ ఎటూ మిగలదు. ఈ బండికి అసలు గండం ట్యాంకుల డార్ట్ కన్నా ఆటోకానన్లూ (వరసగా కాల్చే చిన్న ఫిరంగులు) పేలుడు గుండ్లే. డార్ట్ అనేది సన్నటి లోహపు కడ్డీ. పలుచని రేకులోంచి ఇటు దూరి అటు పోతుంది, దారిలో ఉన్నవాళ్లను మాత్రమే తీసుకుపోతుంది. ఒక్కోసారి ఒక మనిషి, ఇంజన్ పోయి బతికి బయటపడతారు. పెద్ద పేలుడు గుండు అలా కాదు. పలుచని రేకు బద్దలై పేలుడు ఒత్తిడి లోపలికి వచ్చిందంటే బండిలోని నలుగురూ ఒకేసారి పోతారు. కాబట్టి గొట్టం లావుగా ఉన్న స్వయంచాలిత ఫిరంగి కనిపిస్తే అది మీ కన్నా ఎంత నిదానమైనదైనా సరే, దాని ముందు నిలబడొద్దు.

ఎక్స్‌రే చూపులో (బండి లోపలి భాగాలు చూపే తెర) మనుషులు ఎక్కడెక్కడ ఉన్నారో కూడా చూసుకోండి. డ్రైవర్ ముందు ఎడమవైపు, ఇంజన్ ముందే కుడివైపు. గన్నర్, లోడర్, కమాండర్ ముగ్గురూ టర్రెట్‌లో (గన్‌తో సహా తిరిగే పై గది) పక్కపక్కనే. హల్ (బండి కింది భాగం) దాచి టర్రెట్ ఒక్కటే చూపిస్తున్నాం కదా అని ధీమా పడేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. చిన్న గురి అవుతారు, నిజమే. కానీ ఆ చిన్న గురిలోనే నలుగురిలో ముగ్గురు కూర్చున్నారు.

గుండ్ల విషయానికి వస్తే, బండిలో 40 పడతాయి. అసలు బండిలో 14 టర్రెట్‌లో, 26 హల్‌లో సర్దుతారు. ఆటలో 40 నింపి దిగడమంటే బాణసంచా దుకాణం నెత్తిన పెట్టుకుని నడవడం. స్లైడర్‌ను కిందికి దించుతూ ఎక్స్‌రేలో వెనక అరలు ఖాళీ అయ్యేదాకా తగ్గించండి. 14 చుట్టుపక్కల ఆగితే చాలు. అందులో 10 నుంచి 11 డార్ట్‌లు, మిగతావి జాబితాలో ఉన్న పేలుడు రకాలు. ఈ బండి ఒక్క ప్రాణంతో 14 గుండ్లు కాల్చేదాకా బతికితే ఆ మ్యాచ్ మీదే. ఇంకా కావాలంటే మీ జట్టు పట్టుకున్న క్యాప్‌లో (జట్లు పోటీపడి ఆక్రమించుకునే చోటు) ఆగితే గుండ్లు మళ్లీ నిండుతాయి.

మాడిఫికేషన్లలో (బండికి చేర్చుకునే మెరుగులు) పార్ట్స్ (రిపేర్ సామాను), ఎఫ్‌పీఈ (మంటలార్పే సాధనం) అన్నిటికన్నా ముందు. చాలామంది మంచి గుండు మీద పడి వీటిని వెనక్కి నెడతారు. పారిపోయి బతికే బండికి రిపేరూ మంటలార్పడమూ సరిగ్గా లేకపోతే పారిపోయి ఏం లాభం? వాటి తర్వాత డార్ట్, ఆపైన దూరం కొలిచే లేజర్ రేంజ్‌ఫైండర్. రేంజ్‌ఫైండర్ బటన్‌ను మౌస్ పక్క మీటకు కట్టుకోండి, కీబోర్డు మూల వెతుక్కునే టైం ఉండదు. సిబ్బంది పాయింట్లు ముందు లోడర్ రీలోడ్ నైపుణ్యంలో, తర్వాత ఫీల్డ్ రిపేర్‌లో పోయండి.

ఆ తర్వాత 10 నిమిషాలు టెస్ట్ డ్రైవ్. ఊరికే తిరగడానికి కాదు, నాలుగు కొలతలు తీసుకోవడానికి. తారు మీద నిలబడ్డ చోటు నుంచి 60 అందుకోవడానికి ఎన్ని సెకన్లు, అదే గడ్డి మీద ఎన్ని. రివర్స్‌లో అందే గరిష్ఠ వేగం ఎంత. 60లో ఉండి బ్రేక్ కొడితే బండి ఆగి, ఊగడం మాని గన్ కుదురుకోవడానికి ఎంతసేపు. టర్రెట్ పూర్తిగా వెనక్కి తిప్పితే గొట్టం ఎంత కిందికి వంగుతుంది. ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి, ఇక ముందు చెప్పేదంతా వాటి మీదే నడుస్తుంది.

గన్ ముందుకు 6 డిగ్రీలే కిందికి వంగుతుంది. అంతకన్నా నిటారు గుట్ట వెనక నుంచి కాల్చాలంటే హల్ మొత్తం గట్టెక్కాలి. పైగా టర్రెట్ బండి వెనక భాగాన ఉంటుంది, గన్‌తో కలిపి పొడవు దాదాపు 8.5 మీటర్లు. గోడ మూలన ముక్కు బయటపెడితే శత్రువుకు మీరు కనిపిస్తారు, మీ గన్‌కు మాత్రం ఇంకా గోడే కనిపిస్తుంది. ఆ మధ్య సెకన్లలోనే చాలా సెంటారోలు పోతాయి.

దీనికి విరుగుడు వెనక్కి దూరడం. చోటుకు ఇంకో 30 మీటర్లు ఉండగానే, కనిపించని చోట బండిని తిప్పి వీపు శత్రువు వైపు పెట్టండి. టర్రెట్ వెనక్కి తిప్పండి. అప్పుడు రివర్స్‌లో మెల్లగా మూల దాకా రండి. ఇప్పుడు ముందుగా బయటికి వచ్చేది టర్రెట్ ఉన్న వైపే, హల్‌లో ఎక్కువ భాగం గోడ చాటునే. కాల్చగానే ముందు గేర్. లెక్క చూడండి: రివర్స్‌లో గంటకు 10 కి.మీ. వేగంతో పోతే సెకనుకు 3 మీటర్లు కూడా కదలరు, బండి తన పొడవు మేర చాటుకు రావడానికే 3 సెకన్లు. అదే ముందుకు పోతే అంతకన్నా త్వరగా చాటుకు చేరి, ఆగకుండా పక్క సందులోకి పోవచ్చు. వేగం పుంజుకుని 70 అందుకున్నాక సెకనుకు 19 మీటర్లు దాటతారు. వీపు శత్రువుకు చూపిస్తున్నాం కాబట్టే వెనక అరల్లో గుండ్లు ఉండకూడదన్నది. టెస్ట్ డ్రైవ్‌లో వెనక వైపు వంపు చూడమన్నదీ అందుకే. అది సరిపోని గుట్టల మీద ఈ పద్ధతి పనికిరాదు, చదునైన మూలల దగ్గరే వాడాలి.

కాల్చే ముందు ఆగాలి. స్టెబిలైజర్ (బండి కదులుతున్నా గన్‌ను కుదురుగా ఉంచేది) ఉంది కదా అని గతుకుల్లో పోతూ కాలిస్తే చక్రాల సస్పెన్షన్ ఊపుకు గురి తప్పుతుంది. ఆగండి, ఊగడం ఆగనివ్వండి, లేజర్ కొట్టండి, కాల్చండి. డార్ట్‌లో పేలుడు మందు ఉండదు కాబట్టి ఎక్కడో తగిలితే చాలదు, గన్ మొదలు దగ్గరో గన్నర్ కూర్చున్న చోటో చూసి వెయ్యాలి. మొదటి దెబ్బకు శత్రువు పోకపోయినా అతని గన్ పోయిందంటే రెండోది కాల్చే టైం దొరుకుతుంది. హీట్ ఎఫ్ఎస్ (తగలగానే పేలే రకం గుండు) ఎక్కించి ఉంటే కంచెలు, చెట్ల బోదెలు చూసుకోండి. అది వాటికే తగిలి పేలిపోతుంది, ఆ పొగతో మీరెక్కడున్నారో అందరికీ తెలుస్తుంది.

ఒక చోటు నుంచి రెండు గుండ్లు, అంతే. మూడోదానికి ఆశపడొద్దు. చచ్చినవాడు మళ్లీ పుట్టి నేరుగా మీ దగ్గరికే వస్తాడు, లేకపోతే విమానంలో వస్తాడు. ఈ బండి నెత్తి మీద ఉన్నవి 7.62 మెషిన్ గన్లు. వాటితో హెలికాప్టర్‌ను భయపెట్టలేరు, మీ జాడ చెప్పడం తప్ప. విమానం మోత వినిపిస్తే చెట్ల కిందికో ఇళ్ల మధ్యకో పోయి ఇంజన్ ఆపేయడం మేలు. ఫిరంగి గుండ్ల వాన మొదలై మొదటిది పక్కన పడితే రిపేర్ సగంలో ఉన్నా సరే కదలండి.

దెబ్బ తగిలిందా, అక్కడే రిపేర్ పెట్టొద్దు. ముందు పొగ గ్రెనేడ్లు, వెంటనే కదలిక. 8 చక్రాల్లో ఒకటి రెండు పోయినా బండి ఈడ్చుకుంటూ పోతుంది, వేగం, మలుపు తగ్గుతాయి. నిప్పంటుకుంటే మాత్రం ముందు ఆర్పాలి, తర్వాతే పరుగు. చాటుకు చేరాక కూడా రోడ్డు పక్క ఆగొద్దు, మిమ్మల్ని తరిమేవాడు అదే రోడ్డున వస్తాడు.

మొదటి నిమిషంలోనే క్యాప్ మీదికి దూకాలన్న దురద చాలా పోగొడుతుంది. ముందుగా చేరేది మీరే, కానీ చేరాక ఆ గీతల మధ్య నిలబడాలి. దాని బదులు క్యాప్‌లోకి శత్రువు వచ్చే దారి పక్కనుంచి కనిపించే చోటుకు ముందుగా చేరి, అందరి కన్నా ముందు వచ్చేవాడిని పక్కనుంచి కొట్టడం ఈ బండి పని. క్యాప్ వెనకాలొచ్చే మీ గొలుసు బళ్లు తీసుకుంటాయి.

నెట్ సంగతి కూడా చూసుకోండి. గన్ బయటపెట్టి, కాల్చి, పోయే ఈ ఆట మొత్తం రెండు మూడు సెకన్ల వ్యవధిలో జరిగేది. సర్వర్ల జాబితాలో పింగ్ (సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం) తక్కువ చూపించేదాన్నే ఉంచి మిగతావి తీసేయండి. ఇంట్లో నలుగురు ఒకే వైఫై మీద వీడియోలు చూసే వేళ కేబుల్ పెట్టుకోండి, లేదా ఆ గంట ఇంకో బండి తీయండి.

పోయిన తర్వాత వెంటనే మళ్లీ సెంటారోనే ఎంచుకోకుండా, ఏ దిక్కు నుంచి, ఏ గుండుతో పోయారో చూసుకోండి. మ్యాచ్ అయ్యాక సర్వర్ రీప్లేలో శత్రువు వైపు నుంచి చూస్తే మీ ముక్కు గోడ దాటి ఎంతసేపు బయట ఉందో సెకన్లతో సహా తేలుతుంది. ఒకే మ్యాచ్‌లో ఒకే దిక్కు నుంచి రెండుసార్లు పోతే ఆ రోడ్డు మీద అవతలివాళ్లు గురి పెట్టి కూర్చున్నారన్నమాట. లైనప్‌లో (మ్యాచ్‌కు తెచ్చుకున్న బళ్ల జట్టు) ఎం60 ఉంటే మూడోసారి అదే తీయండి.