ఓడపై విశ్రాంతి గంటల లెక్కను మీరే రాసుకోవడం ఎలా

నేను ఎక్కిన మొదటి ఓడలో బొగ్గు దించాక మూడు రోజులు సరిగా నిద్ర లేకుండా హోల్డులు (సరుకు నింపే గదులు) కడిగాం. నెలాఖరున నా ముందుకు వచ్చిన రెస్ట్ అవర్స్ షీట్‌లో మాత్రం నెల పొడుగునా గడులన్నీ ఒకే తీరుగా నింపి ఉన్నాయి. కాదని చెప్పడానికి నా దగ్గర వేరే లెక్కేమీ లేకపోవడంతో సంతకం చేశాను. సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం) చేతికి వచ్చి మొదటిసారి ఓడ ఎక్కబోతున్న విశాఖ, శ్రీకాకుళం కుర్రాళ్లు ఆ పొరపాటు చేయకూడదని ఈ పద్ధతిని రాస్తున్నాను.

ముందుగా నిబంధన కంఠతా రావాలి. ఓడల మీద అందరూ ఎంఎల్‌సీ అని పిలిచే సముద్ర కార్మిక ఒప్పందాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో ఆమోదించింది. అది 2013 ఆగస్టు 20న అమల్లోకి వచ్చింది, భారతదేశం 2015లో దాన్ని ధ్రువీకరించింది. దాని ప్రకారం ఏ 24 గంటలు తీసుకున్నా కనీసం 10 గంటలు, ఏ 7 రోజులు తీసుకున్నా కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ 10 గంటలను రెండుకు మించి ముక్కలు చేయకూడదు, వాటిలో ఒకటి కనీసం 6 గంటలు ఏకధాటిగా ఉండాలి, ఒక విశ్రాంతికీ మరో విశ్రాంతికీ మధ్య 14 గంటలు దాటకూడదు. టీ తాగడానికి ఆగిన పదిహేను నిమిషాలు విశ్రాంతి కిందికి రావు.

ఇందులో ఎక్కువమంది గమనించని మాట ‘ఏ 24 గంటలైనా’ అన్నది. సోమవారం ఉదయం 10 వరకు పడుకుని, అప్పటి నుంచి అర్ధరాత్రి దాకా, ఆగకుండా మంగళవారం మధ్యాహ్నం 2 దాకా పనిచేసి, తరువాత పడుకున్నారనుకోండి. క్యాలెండరు రోజుల వారీగా చూస్తే సోమవారం 10 గంటలు, మంగళవారం 10 గంటలు విశ్రాంతి కనిపిస్తుంది. నిజానికి మీరు వరుసగా 28 గంటలు పనిచేశారు. అందుకే లెక్క అర్ధరాత్రి దగ్గర తెగిపోకూడదు. పని ముగిసిన ప్రతిసారీ అక్కడి నుంచి వెనక్కి 24 గంటలు చూసుకోవాలి.

జేబులో పట్టే చిన్న నోటుపుస్తకం ఒకటి, పెన్ను ఒకటి చాలు. పని ఎక్కిన వేళ, దిగిన వేళ, ఏ పని, ఎవరు పిలిచారు అన్న నాలుగు విషయాలను ఆ రోజే, పడుకునే ముందే రాయాలి. వారం తరువాత గుర్తు తెచ్చుకుని రాసిన లెక్కకు విలువ ఉండదు. ఓడ గడియారాన్ని ముందుకో వెనక్కో తిప్పిన రోజున ఆ సంగతి కూడా రాయాలి. రేవులోకి వచ్చిన రోజు, పగలూ రాత్రీ పన్నెండు నుంచి నాలుగు దాకా వాచ్ (కాపలా వంతు) చేసే ఏబీ (అనుభవమున్న డెక్ నావికుడు) పేజీ ఇలా ఉండవచ్చు: 00 నుంచి 04 బ్రిడ్జి వాచ్, 04 నుంచి 07 ఓడ కట్టే తాళ్ల పని, 12 నుంచి 16 గ్యాంగ్‌వే (ఓడ ఎక్కే మెట్ల) వాచ్, 16 నుంచి 18 హ్యాచ్ (హోల్డు మూత) పని. మిగిలిన విశ్రాంతి 5, 6 గంటల రెండు ముక్కలు కాబట్టి నిబంధన బొటాబొటిగా నిలిచింది. అదే రోజు ఉదయం 8కి స్టోర్స్ (ఓడకు కావలసిన సామాన్లు) ఎక్కించడానికి గంటసేపు లేపితే మొత్తం ఇంకా 10 గంటలే ఉంటుంది, కానీ విశ్రాంతి 1, 3, 6 గంటల మూడు ముక్కలై నిబంధన తప్పుతుంది. మొత్తం ఒక్కటే చూసేవారికి ఇది ఎప్పటికీ కనబడదు.

ఓడకో, మనుషులకో, సరుకుకో తక్షణ ప్రమాదం వచ్చినప్పుడు, ఆపదలో ఉన్న మరో ఓడకు సాయపడవలసి వచ్చినప్పుడు కెప్టెన్ ఎంతసేపైనా పని చేయించవచ్చు, అప్పుడు వెనుకాడకూడదు. అయితే పరిస్థితి కుదుటపడగానే తగినంత విశ్రాంతి ఇవ్వవలసిన బాధ్యత కెప్టెన్‌దే. విశ్రాంతిలో ఉండగా అలారం మోగి ఇంజిన్ రూమ్‌లోకి దిగిన ఇంజినీరుకూ బదులు విశ్రాంతి దక్కాలి. ఈ రెండింటినీ నోటుపుస్తకంలో విడిగా గుర్తించండి. ఇవి కాక మరేదో మినహాయింపు ఉందని ఎవరైనా అంటే, అది ఏ కాగితంలో ఉందో చూపమని మర్యాదగా అడగండి.

ఇది కాగితాల పట్టింపు కాదు. 2010 ఏప్రిల్ 3న షెన్ నెంగ్ 1 అనే బొగ్గు ఓడ ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌ మీదికి ఎక్కింది. అప్పుడు వాచ్‌లో ఉన్న చీఫ్ మేట్ (కెప్టెన్ తరువాతి డెక్ అధికారి) అంతకు ముందు 38 గంటలకు పైగా కాలంలో పడుకున్నది సుమారు రెండున్నర గంటలేనని విచారణలో తేలింది.

నెలాఖరున షీట్ వచ్చినప్పుడు నోటుపుస్తకం పక్కన పెట్టుకుని రోజు రోజూ సరిచూడండి. తేడా ఉంటే ఆ తేదీలను చెప్పి దిద్దమనండి, దిద్దాకే సంతకం చేయండి. కెప్టెన్ లేదా ఆయన అధికారమిచ్చినవారు, మీరు ఇద్దరూ సంతకం చేసిన ప్రతి మీకు ఇవ్వాలని ఎంఎల్‌సీయే చెబుతోంది. దిద్దకపోతే ఓడలోని ఫిర్యాదు పద్ధతి ఉంది. దాని ప్రతిని ఉద్యోగ ఒప్పందంతో పాటే మీకు ఇచ్చి ఉండాలి. నేరుగా కెప్టెన్‌కే చెప్పుకోవచ్చు, తోడుగా ఒకరిని తీసుకువెళ్లవచ్చు, ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించడం నిషిద్ధం. అయినా మళ్లీ కాంట్రాక్టు రాదేమోనన్న భయం ఉంటుందని నాకు తెలుసు, ఆ భయాన్ని తేలికగా తీసిపారేయను. అలాంటప్పుడు ఓడ ఆగిన రేవులోని పోర్ట్ స్టేట్ కంట్రోల్ (రేవుకు వచ్చే విదేశీ ఓడలను తనిఖీ చేసే ఆ దేశపు విభాగం) అధికారికి చెప్పవచ్చు, ఫిర్యాదుదారు పేరును వారు గోప్యంగా ఉంచాలి. ఐటీఎఫ్ (అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య) ఇన్‌స్పెక్టర్లు, మన నుసీ, ఎంయూఐ వంటి నావికుల సంఘాలు, ముంబైలోని షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్ కూడా ఉన్నారు. తేదీ, వేళ, పని మూడూ రాసి ఉన్న పేజీల ఫొటోలు జతచేస్తే వారికి పని సులువవుతుంది.

ఆ ఫొటోలను వారానికి ఒకసారి ఇంటికి పంపిస్తూ ఉండండి. ఓడ దిగే రోజు హడావుడిలో మరచిపోతారు కాబట్టి, సైన్ ఆఫ్‌కు రెండు రోజుల ముందే నెలవారీ ప్రతులన్నీ అడిగి తీసుకుని, నోటుపుస్తకంతో పాటు చేతి సంచీలో పెట్టుకోండి.