ఒకే గది, ఒకే టీచరు, ఐదు తరగతులు: ప్రాథమిక తరగతి గదిని ఎలా నడపాలి?

ఒక గది, 24 మంది పిల్లలు. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా అందరూ అందులోనే. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లుండాలి. అయినా ఒక్కరే నెట్టుకొస్తున్న బళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఇద్దరున్న చోట కూడా ఒకరు సెలవు పెట్టిన రోజున, మీటింగుకు వెళ్లిన రోజున ఇదే పరిస్థితి.

మీరు ఒక జట్టుకు పాఠం చెబుతున్నంత సేపు మిగతా పిల్లలకు మిమ్మల్ని అడగకుండా చేసుకోగల పని ఉండాలి. అది సిద్ధంగా ఉంటే గది నడుస్తుంది, లేకపోతే ఎంత గట్టిగా అరిచినా నడవదు. కింద చెప్పే ఏర్పాట్లన్నీ దానికోసమే.

1. ఐదు తరగతులను మూడు జట్లు చేయండి

ఐదు తరగతులకు ఐదు పాఠాలు చెప్పబోతే 40 నిమిషాల పీరియడ్‌లో ఒక్కో తరగతికి వచ్చేది 8 నిమిషాలు. పుస్తకాలు తీసి పేజీ వెతుక్కునేసరికే అందులో సగం అయిపోతుంది. అందుకే మూడు జట్లు చాలు.

తెలుగు, గణితం విషయంలో జట్లను తరగతిని బట్టి కాకుండా పిల్లల స్థాయిని బట్టి వేయండి. బడి తెరిచిన మొదటి వారంలో ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని ఐదు నిమిషాలు చదివించండి. ఒకే కాగితం మీద వరసగా విడి అక్షరాలు, తల, పలక లాంటి సరళ పదాలు, గుణింత పదాలు, ఒత్తు పదాలు, చివర నాలుగు వాక్యాల పేరా రాసి ఉంచండి. ఎక్కడ ఆగిపోతే అదే ఆ బిడ్డ స్థాయి. నాలుగో తరగతి పిల్లవాడు గుణింతాల దగ్గర ఆగిపోతే కంగారు పడొద్దు, అలాంటి వాళ్లు ప్రతి బడిలోనూ ఉంటారు. అయితే వాణ్ణి రెండో తరగతి వాళ్ల పక్కన కూర్చోబెడితే చిన్నబుచ్చుకుంటాడు. అందుకే జట్లకు తరగతి అంకెలు కాకుండా మల్లె, మందారం, చామంతి అని పేర్లు పెట్టండి. ఆరు వారాలకోసారి మళ్లీ చదివించి జట్లు మార్చండి. మార్చకపోతే పైకి రావాల్సిన పిల్లలు కింద జట్టులోనే ఉండిపోతారు.

పరిసరాల విజ్ఞానం మూడో తరగతి నుంచే ఉంటుంది కాబట్టి మూడు, నాలుగు, ఐదు కలిపి చెప్పుకోవచ్చు. ఆ సమయంలో చిన్నవాళ్లకు బొమ్మలు గీయడం, బంకమట్టి పని ఇవ్వండి.

2. గదిని సర్దండి

మీ టేబుల్‌ను గది మధ్యలోంచి తీసి మూలకు జరపండి. మీరు కూర్చోవాల్సింది జట్టు మధ్యలో, చిన్న స్టూలు మీదో చాప మీదో. చిన్నవాళ్లను గుమ్మానికి దూరంగా, పెద్దవాళ్లను గుమ్మం వైపు కూర్చోబెట్టండి. జట్లు వేర్వేరు గోడల వైపు తిరిగి ఉండాలి. ఎదురెదురుగా కూర్చుంటే కళ్లన్నీ పక్క జట్టు మీదే ఉంటాయి. జట్టుకీ జట్టుకీ మధ్య మీరు నడిచేందుకు రెండడుగుల దారి వదలండి.

ఆ దారిని మూసేసేవి సంచులు. గోడకు మూడడుగుల ఎత్తులో పొడవాటి చెక్క బిగించి మేకులు కొట్టించండి, సంచులన్నీ వాటికి తగిలించుకుంటారు. చెప్పులు గుమ్మం బయట, కంచాలు ఒకే అరలో.

ఇంకొక్క పనికి మాత్రం కాస్త డబ్బు పెట్టండి. చిన్నవాళ్ల వైపు గోడకు నేల నుంచి ఒక అడుగు వదిలి నాలుగడుగుల ఎత్తు వరకు నల్లబల్ల రంగు వేయించండి. గోడను ముందు గరుకు కాగితంతో రుద్ది దుమ్ము తుడవాలి. ఒక పూత ఆరాక రెండోది వేయాలి. అది బాగా ఆరాక సుద్దముక్కను అడ్డంగా పట్టుకుని బల్లంతా రుద్ది పొడిగుడ్డతో తుడిచేయాలి. ఈ చివరి పని మానేస్తే మొదట రాసిన అక్షరాల మరకలు ఎప్పటికీ పోవు. బల్లను రెండేసి అడుగుల గళ్లుగా విడదీసి ఒక్కో గడిలో ఒక్కో బిడ్డ పేరు రాయండి. తనదైన గడి ఉంటే ఒకటో తరగతి పిల్లలు పావుగంట పాటు ఎవరినీ పిలవకుండా రాసుకుంటారు.

3. కార్డులు తయారు చేయండి

ఒకరి సాయం లేకుండా చేసే పనికి పాఠ్యపుస్తకం ఒక్కటే సరిపోదు. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం వాళ్లు బహుళ తరగతి బళ్ల కోసం పాఠాలను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కార్డులు చేశారు. ఆ పద్ధతంతా మీరు తెచ్చుకోనక్కర్లేదు, కార్డులు చాలు.

ఊళ్లో పెళ్లిళ్లయ్యాక మిగిలిపోయే శుభలేఖలు అడిగి తెచ్చుకోండి. అట్ట మందంగా ఉంటుంది, వెనక వైపు ఖాళీగా ఉంటుంది. పోస్టుకార్డు సైజుకు కత్తిరించి ఖాళీ వైపు ఒకే ఒక్క పని రాయండి. అచ్చున్న వైపు, జవాబు రాసిన కాగితం మడిచి అంటించండి. స్థాయికి 20 కార్డులతో మొదలుపెట్టవచ్చు. జట్టుకో రంగు గీత గీసి, మిఠాయి డబ్బాల్లో విడివిడిగా పెట్టండి.

ఉదాహరణకు ఒక కార్డు మీద 42 - 17 అని ఉందనుకోండి. ఇద్దరు పిల్లల దగ్గర పది పదిగా రబ్బరుబ్యాండు వేసిన పుల్లల కట్టలు నాలుగు, విడి పుల్లలు రెండు ఉంటాయి. రెండింటిలోంచి ఏడు తీయడం కుదరదు. ఒక కట్ట విప్పితే విడి పుల్లలు 12 అవుతాయి, అందులోంచి ఏడు తీస్తే ఐదు. మిగిలిన మూడు కట్టల్లోంచి ఒకటి తీస్తే రెండు. జవాబు 25. పుల్లలు ముట్టకుండా చేసిన పిల్లలు ఎక్కువగా రాసేది 35. ఒకట్ల స్థానంలో ఏడులోంచి రెండు తీసేస్తారు. జవాబు 35 అని రాసిన వాళ్లను మీ వంతు వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల చేత్తోనే కట్ట విప్పించండి. తప్పు లెక్కను కొట్టేసి మళ్లీ చేయమంటే మళ్లీ 35 అనే వస్తుంది.

ఒకటో తరగతి వాళ్లకు చింతగింజలు ఇవ్వకండి. ముక్కులోనో చెవిలోనో పెట్టుకుంటారు. సీసా మూతలు ఇవ్వండి.

4. 90 నిమిషాలను ముక్కలు చేయండి

తెలుగుకు ఒకటి, గణితానికి ఒకటి, 90 నిమిషాల చొప్పున రెండు పెద్ద పీరియడ్లు పొద్దుటిపూటే పెట్టుకోండి. మొదటి 10 నిమిషాలు అందరూ కలిసి కథ, పాట, నోటిలెక్కలు. తర్వాత 25 నిమిషాల చొప్పున మూడు విడతలు. ప్రతి విడతలో ఒక జట్టు మీతో కొత్తది నేర్చుకుంటుంది, ఒకటి కార్డులు చేస్తుంది, ఒకటి జంటలుగా చదువుకుంటుంది. చివరి 5 నిమిషాలు సామాను సర్దడానికి.

మొదటి విడతలో చిన్నవాళ్లే మీ దగ్గరుండాలి. పెద్దవాళ్లు బల్ల మీద రాసింది చూసి పని మొదలుపెట్టగలరు, చిన్నవాళ్లు పెట్టలేరు. పెద్దవాళ్లతో మొదలుపెట్టిన రోజున ఐదు నిమిషాల్లో ఒకటో తరగతి గుమ్మం దగ్గర ఉంటుంది. తర్వాతి విడతల్లో కూడా చిన్నవాళ్లకు ఒకే పని 25 నిమిషాలు ఇవ్వకండి. 12 నిమిషాలు చాప మీద, మిగతా సేపు గోడబల్ల దగ్గర.

5. అలవాట్లకు రెండు వారాలు ఇవ్వండి

ఆ రెండు వారాలు సిలబస్ వెనకబడుతుందని భయపడొద్దు. రోజుకొకటి చొప్పున నేర్పి, అందరిచేతా చేయించి చూడండి: కార్డు తీయడం, తిరిగి పెట్టడం, చిన్న గంట మోగగానే చేతిలో పని ఆపడం, సందేహం వస్తే ముందు పక్కవాళ్లను, తర్వాత జట్టు నాయకుణ్ణి, ఆ తర్వాతే టీచర్‌ను అడగడం. గంట మోగాక గది పూర్తిగా నిశ్శబ్దమయ్యేదాకా మాట్లాడకండి. గోల మధ్యలో చెప్పడం మొదలుపెడితే గోల మధ్యలో వినడమే వాళ్లకు అలవాటవుతుంది.

నాయకత్వాన్ని వారానికొకరికి మార్చండి. బాగా చదివే ఐదో తరగతి అమ్మాయిని ఏడాదంతా చిన్నవాళ్ల దగ్గర కూర్చోబెట్టడం చాలా బళ్లలో కనిపిస్తుంది. అది ఆ పిల్లకు అన్యాయం. రోజుకు 15 నిమిషాలు మించనివ్వకండి.

హాజరుకు అందరి పేర్ల అట్టలనూ ఒక పట్టీకి తగిలించి ఉంచండి. రాగానే ఎవరి అట్ట వాళ్లు తిప్పుతారు. ఒకటో తరగతి వాళ్లు మొదట చదవడం నేర్చేది తమ పేరే. మధ్యాహ్న భోజనం వండేవాళ్లకు చెప్పాల్సిన లెక్క కూడా ఆ పట్టీ మీదే కనిపిస్తుంది. మీరు రిజిస్టరులో సరిచూసుకుంటే చాలు.

6. అల్లరి చేస్తే

గుంజీలు, గోడకుర్చీ, నలుగురిలో తిట్టడం వద్దు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. చట్టం సంగతి పక్కనపెట్టినా, అలాంటి శిక్షతో అల్లరికి అసలు కారణం పోదు. ముందు ఆ బిడ్డ చేతిలోని పని చూడండి. మరీ కష్టమైనా, మరీ తేలికైనా, అయిపోయినా చేతులు ఖాళీ అవుతాయి. అయిపోయినవాళ్ల కోసం ఒక బుట్టలో కథల పుస్తకాలు, పాత బాలల పత్రికలు ఎప్పుడూ ఉంచండి. పని సరిపోతున్నా అల్లరి ఆగకపోతే పొద్దున అన్నం తిన్నాడో లేదో అడగండి.

7. రోజుకు నలుగురు

అందరినీ రోజూ పరీక్షించలేరు. రోజుకు నలుగురి చొప్పున చూస్తే 24 మందీ సోమవారం నుంచి శనివారానికి పూర్తవుతారు. ఒక నోటుబుక్కులో పిల్లకో పేజీ కేటాయించి తేదీ, ఏం వచ్చింది, ఎక్కడ ఆగింది అని రెండు ముక్కలు రాయండి. తల్లిదండ్రులు వచ్చినప్పుడు ఆ పేజీ తీసి చూపించండి, మార్కుల కన్నా వాళ్లకు అదే బాగా అర్థమవుతుంది.

సాయంత్రం పిల్లలు వెళ్లాక పది నిమిషాలు ఆగి పెద్దవాళ్ల మర్నాటి పనిని బల్ల మీద రాసి, మూడు డబ్బాల్లో కార్డులు సరిచూసి తాళం వేయండి. మీరు రాలేని రోజు కోసం కూడా ఒక సంచి సిద్ధంగా ఉంచండి. అందులో జట్ల జాబితా, ఒక రోజుకు సరిపడా పని, ఏ డబ్బా ఎక్కడుందో రాసిన చీటీ ఉంటే మీ బదులు వచ్చినవాళ్లు పిల్లల్ని వెతుక్కోమనకుండా పని మొదలుపెడతారు.