పుస్తకాల షాపులో రచయిత సభ: ముందే చూసుకోవలసినవి

తేదీ: విజయనగరంలో అయితే విజయదశమి తరవాతి మంగళవారం జోలికి పోవద్దు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున ఊళ్లో బండి కదలదు. అక్టోబరులో తుపాను కబురు చూసుకున్నాకే కరపత్రం అచ్చుకివ్వండి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి.

పుస్తకాలు: 40 కుర్చీలు వేస్తే 25 కాపీలు చాలు. మిగిలినవి వాపసు తీసుకుంటారో లేదో పబ్లిషర్‌ చేత వాట్సాప్‌లో రాయించుకోండి. పార్సిల్ మూడురోజుల ముందు చేరాలి. కట్టలు విప్పి, ఫారాలు (మడిచి కలిపి కుట్టే పేజీల కట్టలు) తలకిందులైనవి, పేజీలు ఎగిరిపోయినవి ఏరి పక్కన పెట్టండి.

మైకు: స్పీకరు మైకు వెనకాల ఉంటే కీచుమంటుంది. మైకుకంటే ముందుకు జరిపి, జనం వైపు తిప్పండి. ముందురోజు మెయిన్ ఆపి, ఇన్వర్టరు మైకునీ ఫ్యాన్లనీ కలిపి ఎంతసేపు లాగుతుందో చూడండి. మైకు సెల్స్ కొత్తవి రెండు జతలు.

అసలు చిక్కు వక్తలతో. వేదికమీద ముగ్గురు దాటితే, రచయిత నోరు తెరిచేసరికి జనం ఆఖరి బస్సుకి లేచిపోతారు. (సన్మానాల శాలువలు లెక్కలోకి రాలేదు.) రచయిత చదివేది 15 నిమిషాలు, ఆ పేజీల్లో ముందే చీటీలు పెట్టించండి.

సంతకాలకి బాల్‌పెన్నులు. నున్నటి కాగితంమీద జెల్ సిరా అలుక్కుపోతుంది. కొన్నవాళ్ల పేరు చీటీమీద రాయించి పుస్తకంలో పెట్టండి.